గ్రేడింగ్ రోజు ఇమ్యూన్ జీన్స్ పెరిగాయి, మరి వారానికల్లా పండుగప్ప ఎందుకు తేలింది?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. భీమిలి అవతల సముద్రంలో వల కట్టి చేపని పెంచే మీ కేజ్‌లో పండుగప్పని గ్రేడింగ్ చేశారు, అంటే సైజుల వారీగా వేరుచేశారు. అదే రోజు, పని అయిన రెండు గంటలకి మీ చెల్లి తన ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఆరు చేపల నుంచి హెడ్ కిడ్నీ తీసుకుంది. ఏ జీన్ ఎంత పలుకుతోందో కొలిచే క్యూపీసీఆర్ పరీక్షలో ఐఎల్-1 బీటా, టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే ఇమ్యూన్ జీన్స్ రెండూ కంట్రోల్ చేపల (పోల్చడానికి ముట్టుకోకుండా ఉంచినవాటి) కన్నా బాగా పెరిగి కనిపించాయి. నాలుగో రోజు వల మార్చారు, ఆ మర్నాడు పెద్ద వాన. ఏడో రోజు నుంచి చేప చచ్చి తేలడం మొదలైంది, తోక మొదట్లో పొలుసులు రాలి ఎర్రటి పుళ్లు. "స్ట్రెస్ వల్ల ఇమ్యూనిటీ తగ్గుతుందంటారు, మా చేపల్లో పెరిగింది, పెరిగినవి ఎందుకు చచ్చిపోయాయి, రిపోర్టు తప్పా?" అని మీరు అడిగారు.

రిపోర్టు తప్పయి ఉండాల్సిన పనిలేదు. అది చెప్పింది రెండో గంట సంగతి, చేప పోయింది ఏడో రోజు. మధ్యలో ఆ చేప ఒంట్లో చాలా జరిగింది, దాన్ని మీరు గానీ మీ చెల్లి గానీ కొలవలేదు. ఇది మీ ఒక్కరి సమస్యే కాదు, ఇరవై ఏళ్ల పైగా హేచరీల్లోనూ చేపల ఆరోగ్యం చూసే ల్యాబుల్లోనూ పనిచేస్తూ ఇదే పొరపాటు చాలా చోట్ల చూశాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ గ్రేడింగ్ పొద్దుటిని చేప వైపు నుంచి చూడండి. పడవ కేజ్‌ని ఆనుకుంటుంది. ఇద్దరు ముగ్గురు తాళ్లు పట్టి వల అడుగుని పైకి లాగుతుంటే అంతవరకూ నాలుగు మీటర్ల లోతులో తిరిగిన చేపలన్నీ మోకాలి లోతు నీళ్లలోకి వచ్చేస్తాయి. నీళ్లు మరుగుతున్నట్టు కనిపిస్తాయి, ఒకదాని ముళ్లు ఇంకోదానికి గుచ్చుకుంటాయి, ఆ ఇరుకులో ఆక్సిజన్ చూస్తుండగానే పడిపోతుంది. చేతి వలతో ఎత్తిన చేప గాల్లో ఉన్నంతసేపూ దాని మొప్పల పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఊపిరి ఆడదు. గ్రేడింగ్ చేసినవాళ్లు పని అయ్యాక చేతులు చూసుకుంటే జిగురు పట్టి, దానికి అంటుకుని తళతళలాడే పొలుసులు ఉంటాయి కదా, ఆ జిగురే చేపకి మొదటి రక్షణ. దాంట్లో బ్యాక్టీరియా గోడని కరిగించే లైసోజైమ్ ఉంటుంది, ఐజీఎం లాంటి యాంటీబాడీలు ఉంటాయి, సూక్ష్మజీవుల్ని చంపే చిన్న చిన్న పెప్టైడ్లు ఉంటాయి. అంటే మీ చెల్లి జీన్స్ కొలవకముందే చేప కాపలా సగం మన అరచేతులకి వచ్చేసింది. గ్రేడింగ్ మానేయమని మాత్రం నేననను. పండుగప్ప తన పొడవులో మూడింట రెండొంతుల దాకా ఉన్న తోటి చేపని కూడా మింగేస్తుంది, సైజులు వేరుచేయకపోతే కేజ్‌లో మిగిలేది కొన్నే.

ఇక ఒంటి లోపలికి వద్దాం. చేప బెదిరిన క్షణంలో అడ్రినలిన్ వస్తుంది, అది సెకన్ల పని. దాని వెనకే మెదడులోని హైపోథలామస్ నుంచి పిట్యూటరీకి, పిట్యూటరీ నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోన్ రూపంలో రక్తం ద్వారా హెడ్ కిడ్నీకి కబురు వెళ్తుంది, అక్కడి ఇంటర్‌రీనల్ కణాలు కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్‌ని వదులుతాయి. ఇదంతా నిమిషాల్లో అయిపోతుంది. ఈ హెడ్ కిడ్నీని మీ చెల్లి చేత్తో తీసింది కాబట్టి తనకి తెలుసు, మొప్పల వెనక, వెన్నెముకకి అతుక్కుని, ముదురు ఎరుపులో, పట్టుకుంటే చిదిమిపోయేంత మెత్తగా ఉంటుంది. మనకి ఎముకల్లో మూలుగ చేసే పని, అంటే రక్తకణాల్నీ రోగనిరోధక కణాల్నీ పుట్టించడం, చేపలో ఇదే చేస్తుంది. మనకి అడ్రినల్ గ్రంథి చేసే పని కూడా దీనిదే. ఒకే వరండా ఉన్న రెండు వాటాల ఇల్లు అనుకోండి, ఒక వాటాలో స్ట్రెస్ హార్మోన్ తయారవుతుంటే గోడ అవతల వాటాలో ఇమ్యూన్ కణాలు పెరుగుతుంటాయి. రక్తంలో కొలిచే కార్టిసాల్ కన్నా ఆ కణాల పక్కన ఉండే కార్టిసాల్ చాలా ఎక్కువగా ఉండటానికి వీలుంది. చేపల మీద స్ట్రెస్ ప్రభావం ఇంత నేరుగా ఇమ్యూనిటీకి తగలడానికి ఈ ఇరుగుపొరుగుతనం ఒక కారణం.

మొదటి గంటల్లో ఏమవుతుందంటే, ఒళ్లు అలర్ట్ అవుతుంది. ప్రకృతిలో చేపని ఏదైనా వెంటాడిందంటే గాయం అవుతుంది, గాయం అయితే క్రిములు దూరతాయి. అందుకని ముందుగానే మంట (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించే జీన్స్ కొన్ని లేస్తాయి, ఐఎల్-1 బీటా వాటిలో అందరికన్నా ముందు లేచేది, టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఐఎల్-8 దాని వెనకే. దీనికి తోడు మీ చేపల్లో నిజంగానే పొలుసులు ఊడాయి, చర్మం గీసుకుపోయింది, ఆ దెబ్బతిన్న కణాల నుంచి వచ్చే సంకేతాలు కూడా ఇవే జీన్స్‌ని లేపుతాయి. కాబట్టి రెండో గంటలో పెరుగుదల కనిపించడం సహజం, నేనైతే కనిపించకపోతేనే అనుమానించేవాడిని. కానీ దాన్ని "ఇమ్యూనిటీ పెరిగింది" అని చదవకూడదు. అది సైరన్ మోగడం లాంటిది, బందోబస్తు బాగుందా లేదా అన్నది దాన్నిబట్టి తెలియదు.

అసలు కథ కార్టిసాల్ కణాల లోపలికి వెళ్లాక మొదలవుతుంది. కార్టిసాల్ కొవ్వులో కరిగే హార్మోన్, కణం పొరని సులువుగా దాటి లోపల ఉన్న గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌ని పట్టుకుంటుంది. ఆ జంట కేంద్రకంలోకి వెళ్లి రెండు పనులు చేస్తుంది. కొన్ని జీన్స్ దగ్గర డీఎన్ఏ మీద నేరుగా కూర్చుని వాటిని నడుపుతుంది, మంటని అదుపు చేసే జీన్స్ కొన్ని అలా పెరుగుతాయి. ఇంకోపక్క, ఎన్ఎఫ్-కప్పా బీ అని ఒక ప్రోటీన్ ఉంటుంది, మంట జీన్స్ చాలావాటికి స్విచ్ అదే, దాన్ని పనిచేయకుండా అడ్డుకుంటుంది. సీబ్రీమ్, రెయిన్‌బో ట్రౌట్ చేపల ఇమ్యూన్ కణాల్ని ల్యాబ్‌లో పెంచి, బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎల్‌పీఎస్ అనే పదార్థాన్ని ఇస్తే ఐఎల్-1 బీటా బాగా లేస్తుంది, అదే ఎల్‌పీఎస్‌ని కార్టిసాల్‌తో కలిపి ఇస్తే ఆ లేవడం తగ్గిపోతుంది. ఇక్కడ జాగ్రత్తగా గమనించండి, కార్టిసాల్ తీసే అసలు దెబ్బ మామూలుగా ఉన్నప్పుడు కనపడదు, క్రిమి వచ్చినప్పుడు ఆ చేప ఎంత గట్టిగా స్పందించగలదు అన్న దగ్గరే కనిపిస్తుంది. మీ చెల్లి కొలిచింది క్రిమి రాకముందు చేపని. ఈ బ్రేకు చెడ్డదేమీ కాదు, అది లేకపోతే మంట ఆరక చేప తన ఒంటిని తానే తినేసుకుంటుంది. గంటల్లో తీసేయాల్సిన బ్రేకుని రోజుల తరబడి తొక్కి ఉంచితే అప్పుడు వస్తుంది తంటా.

చాలా చేపల్లో ఈ రిసెప్టర్లు రెండు రకాలుంటాయి. రెయిన్‌బో ట్రౌట్‌లో చూసినప్పుడు ఒక రకం చాలా తక్కువ కార్టిసాల్‌కే స్పందించింది, రెండో రకానికి ఎక్కువ కావాల్సి వచ్చింది. అందువల్ల ఒక మోస్తరు స్ట్రెస్‌కీ పెద్ద స్ట్రెస్‌కీ తేడా ఉత్తి మోతాదు తేడా మాత్రమే అనుకోలేం, లేచే జీన్స్ వరసే మారిపోవచ్చు.

ఇంకో సంగతి, ఇది పేపర్లు రాసేవాళ్లలో కూడా చాలామంది దాటేస్తారు. స్ట్రెస్ తగలగానే తెల్ల రక్తకణాలు ఇల్లు మారతాయి. రక్తంలో లింఫోసైట్లు తగ్గుతాయి, న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, కొన్ని కణాలు హెడ్ కిడ్నీ వదిలి చర్మానికీ మొప్పలకీ వెళ్తాయి. ఇప్పుడు మీరు హెడ్ కిడ్నీ ముక్క మొత్తాన్ని నూరి ఆర్ఎన్ఏ తీస్తే వచ్చే సంఖ్యలో రెండు సంగతులు కలిసిపోయి ఉంటాయి, ఒక్కో కణంలో ఆ జీన్ ఎంత పలుకుతోంది, ఆ ముక్కలో అలాంటి కణాలు ఎన్ని మిగిలాయి. ఐజీఎం తగ్గిందంటే దాన్ని తయారుచేసే బీ-కణాలు పని తగ్గించాయా, చచ్చిపోయాయా, వేరేచోటికి వెళ్లాయా? క్యూపీసీఆర్ ఒక్కదానితో చెప్పలేం. మంచినీటి కార్ప్‌లో చూసిన సంగతి ఒకటి చెబుతాను, అదే కార్టిసాల్ ఉత్తేజితమైన బీ-కణాల్ని చావు వైపు నెట్టింది, న్యూట్రోఫిల్స్‌ని మాత్రం చావకుండా ఆపింది. ఒకే హార్మోన్, పక్కపక్క కణాలకి రెండు వేర్వేరు ఫలితాలు. అందుకే "స్ట్రెస్ ఇమ్యూనిటీని తగ్గిస్తుంది" అనే మాట నాకు సగం మాటగానే అనిపిస్తుంది. మంటతో కూడిన తొందర రక్షణ కొన్ని గంటలు లేవొచ్చు, యాంటీబాడీలు తయారుచేసే నిదానమైన రక్షణ మాత్రం ఎక్కువగా వెనకపడుతుంది.

ఇప్పుడు మీ కేజ్ వారం రోజుల్ని దీని మీద పెట్టి చూడండి. మొదటి రోజు గ్రేడింగ్, సైరన్ మోగింది, కార్టిసాల్ లేచింది. ఒక్క దెబ్బే అయితే, నీళ్లు బాగుంటే, కార్టిసాల్ సాధారణంగా ఒక రోజు అటూఇటూలో దిగిపోతుంది. కానీ కార్టిసాల్ దిగినంత త్వరగా అది మొదలుపెట్టిన పనులు సర్దుకోవు, జిగురు పొర మళ్లీ నిండాలి, ఊడిన పొలుసుల కింద చర్మం మూసుకోవాలి, చెల్లాచెదురైన కణాలు తిరిగి సర్దుకోవాలి. దీనికి రోజులు పడుతుంది. ఆ పని సగంలో ఉండగా నాలుగో రోజు మీరు వల మార్చారు, అంటే మళ్లీ ఎత్తడం, మళ్లీ ఇరుకు, మళ్లీ కార్టిసాల్. మొదటి పుండు మూసుకోకముందే రెండోసారి బ్రేకు పడింది. ఐదో రోజు వాన, గోస్తని ముఖద్వారం పక్కనే కాబట్టి పైన మంచినీటి పొర, బురద. అదే మూడో దెబ్బ. సముద్రంలో విబ్రియోలు అనే బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటాయి, అవి ఆరోగ్యంగా ఉన్న చేప చర్మం మీద కూడా ఉంటాయి, వాటికి కావాల్సింది తెరిచిన తలుపూ నిద్రపోతున్న కాపలావాడూ. మీ చేపల్లో పుళ్లు తోక మొదట్లోనే వచ్చాయన్నారు చూశారా, చేతి వల నుంచి చేప జారకుండా మన మనుషులు పట్టుకునేది అక్కడే. నాకు ఈ లెక్కలో గ్రేడింగ్ కన్నా ఆ మూడు రోజుల ఎడం పెద్ద తప్పుగా కనిపిస్తోంది.

వాన సంగతిలో ఒక మెలిక ఉంది. సముద్ర చేపల్లో కార్టిసాల్ ఉత్తి స్ట్రెస్ హార్మోన్ మాత్రమే కాదు, ఉప్పూ నీళ్లూ సరిచూసుకునే పని కూడా దానిదే. ఉప్పదనం ఒక్కసారి మారితే మొప్పల్లో ఉప్పుని నెట్టే పంపులు, సోడియం పొటాషియం ఏటీపేజ్ అంటారు, వాటిని సర్దడానికి కార్టిసాల్ లేవాలి. పండుగప్ప మంచినీళ్లలోనూ ఉప్పునీళ్లలోనూ బతికే చేప, ఒక్క వాన మాత్రం దానికి లెక్కలోది కాదు, మామూలుగా ఉంటే. కానీ ఆ సర్దుబాటుకి శక్తి కావాలి. గ్రేడింగ్ ముందు రోజు పస్తు, తర్వాత బెదురుతో మేత సరిగా తినకపోవడం, దాని మీద పుళ్లు మాన్చుకోవడం, వీటన్నిటి మధ్య మొప్పల పని కూడా వచ్చిపడితే ఇమ్యూనిటీకి మిగిలేది తక్కువ. ఈ కారణం వల్లే వాన పడిన తర్వాత తీసిన శాంపిల్‌లో కార్టిసాల్ ఎక్కువగా ఉంటే అది భయమా, ఉప్పు సర్దుబాటా అని ఆలోచించాలి.

మన విశాఖ సముద్రం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదని మీకు చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తీరం వెంబడి లోపలి చల్లటి నీళ్లు పైకి లేస్తాయి, 1950ల మొదట్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ వాల్తేరు తీరంలోనే దాన్ని చదివాడు. ఆ నీళ్లలో పోషకాలు ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. మే నెల వచ్చేసరికి నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి, అంత వేడి సముద్రపు నీళ్లు పూర్తిగా నిండినా లీటరుకి 6 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ మాత్రమే పట్టుకోగలవు. వలకి నాచూ గుల్లలూ పట్టి కళ్లు మూసుకుపోతే లోపల ఇంకా తక్కువ, అది పైనుంచి చూస్తే తెలియదు. అక్టోబరు నుంచి నదుల నీళ్లు ఉత్తరం నుంచి తీరం పట్టుకుని దిగుతాయి, ఉప్పదనం పడిపోతుంది, తుపాన్లూ అప్పుడే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిందీ ఆ కాలంలోనే. 2007లో దేశంలో తొలి సముద్ర కేజ్‌ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ ఈ విశాఖ తీరంలోనే వేసి పండుగప్పనే పెంచింది. ఈ సముద్రంలో ఈ చేప పెరగగలదని ఆనాటి నుంచే తెలుసు. ఎప్పుడు ముట్టుకోవాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు అన్నది మాత్రం ఈ సముద్రం క్యాలెండర్ చూసి మనమే నేర్చుకోవాలి.

రోజుల తరబడి ఉండే స్ట్రెస్, అంటే ఇరుకు, మూసుకుపోయిన వల, తక్కువ ఆక్సిజన్, ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది మెత్తగా నడుస్తుంది. అలాంటి చేపల్లో కార్టిసాల్ కొన్నిసార్లు మామూలుగానే కనిపిస్తుంది, వ్యవస్థ అలవాటు పడిందో అలిసిపోయిందో ఆ ఒక్క సంఖ్యతో తెలియదు. అలాంటప్పుడు చేపని కావాలని రెండు నిమిషాలు గాల్లో ఉంచి, కార్టిసాల్ ఎంత లేస్తుందో చూస్తే తెలుస్తుంది, అలిసిన చేప అంతగా లేపలేదు. పొలుసుల్లో పోగుపడిన కార్టిసాల్ కొలిచే పద్ధతి కూడా ఉంది, రక్తం ఆ క్షణం సంగతి చెబితే పొలుసు గడిచిన రోజుల సంగతి చెబుతుంది.

పేపర్లు చదివేటప్పుడు మీ చెల్లిని ఒకటి గుర్తుపెట్టుకోమనండి. సముద్ర చేపల స్ట్రెస్ మీద పెద్ద భాగం పని మధ్యధరా సముద్రపు సీబ్రీమ్, యూరోపియన్ సీబాస్ మీద, నార్వే వైపు సాల్మన్ మీద జరిగింది. పేరులో సీబాస్ ఉన్నా యూరోపియన్ సీబాస్ మన పండుగప్ప కాదు, కుటుంబమే వేరు, పైగా అది కార్టిసాల్ విపరీతంగా లేపే చేపగా పేరుబడింది. ఆ చేపల్ని మన నీళ్ల కన్నా చాలా చల్లటి నీళ్లలో ఉంచి చేసిన ప్రయోగాలవి. మన 28, 30 డిగ్రీల నీళ్లలో గడియారం వేగంగా తిరుగుతుంది, అక్కడ 24వ గంటలో కనిపించిన శిఖరం ఇక్కడ అంతకుముందే వచ్చి దిగిపోయి ఉండొచ్చు. వాళ్ల గంటల్ని యథాతథంగా తెచ్చి పెట్టుకోకూడదు.

ఇక ల్యాబ్ పని. ఇక్కడ నాకు జరిగిందే చెబుతాను, ఎందుకంటే దానివల్ల ఒక సీజన్ మొత్తం పోయింది. ఒక ట్రయల్‌లో స్ట్రెస్ ఇచ్చిన ట్యాంకుల శాంపిల్స్ అన్నీ ముందు తీసి, కంట్రోల్ ట్యాంకుని చివరికి ఉంచాం. ఒకే షెడ్డు, ఒకే నేల, పక్క ట్యాంకులో వల దించుతున్న చప్పుడు, మనుషుల నడక. కంట్రోల్ చేపల దగ్గరికి వచ్చేసరికి గంటన్నర దాటింది. ఫలితాల్లో కంట్రోల్ కార్టిసాల్ స్ట్రెస్ చేపలతో సమానంగా వచ్చింది, జీన్స్‌లో తేడా ఏమీ లేదు, అప్పటికి చేప పిల్లలన్నీ అమ్ముడుపోయాయి, మళ్లీ చేయడానికి చేపలు లేవు. ఒకే ట్యాంకులో కూడా ఇంతే, మొదటి చేపని పట్టినప్పుడు ఆరో చేప చూస్తూనే ఉంటుంది. అందుకని రక్తం తీయాలంటే వల నీళ్లలో పడిన దగ్గర్నుంచి మూడు నిమిషాల్లో తీయాలి, ఒకేసారి అన్ని చేపల్నీ గట్టి మోతాదు మత్తులోకి వేయడం మంచిది. మత్తు ఏది వాడారో కూడా చూడాలి, లవంగ నూనె కార్టిసాల్‌ని అణచిపెడుతుంది, ఎంఎస్-222 అనే మత్తుమందు మోతాదు తక్కువైతే తానే లేపుతుంది, అందుకే కంట్రోల్‌కీ ట్రీట్‌మెంట్‌కీ ఒకే మత్తు, ఒకే మోతాదు. స్ట్రెస్ లేని చేపల్లో కార్టిసాల్ మిల్లీలీటరుకి కొద్ది నానోగ్రాముల నుంచి మహా అయితే రెండు మూడు పదుల దాకానే ఉండాలి, స్ట్రెస్ తర్వాత చాలా చేపల్లో 30 నుంచి 300 మధ్యకి వెళ్తుంది. కంట్రోల్ చేపలే 100 చూపిస్తుంటే ఆ ప్రయోగంలో కంట్రోల్ అన్నది లేనట్టే.

రిఫరెన్స్ జీన్‌గా, అంటే మిగతా జీన్స్‌ని కొలిచే కొలబద్దగా, బీటా యాక్టిన్ ఒక్కటే వాడారని మీ మెసేజ్‌లో ఉంది, అది నాకు బెంగగా ఉంది. కణాలు కదిలేటప్పుడు, ఆకారం మార్చుకునేటప్పుడు పనికొచ్చే ప్రోటీన్ యాక్టిన్, స్ట్రెస్‌లో కణాలు కదులుతాయని ఇందాకే చెప్పాను. కొలబద్దే సాగుతుంటే గుడ్డ కొలత ఎలా సరిపోతుంది? ఈఎఫ్1 ఆల్ఫా, 18ఎస్ అనే జీన్స్ కూడా పెట్టి, మూడింట్లో ఏవి నిలకడగా ఉన్నాయో తన శాంపిల్స్‌లోనే చూసుకోవాలి. అందరూ వాడే డెల్టా డెల్టా సీటీ లెక్క 2001లో లివక్, ష్మిట్‌గెన్ ఇచ్చినది, రెండు జీన్స్ ప్రైమర్ల (జీన్‌ని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కల) సామర్థ్యం దాదాపు సమానంగా ఉంటేనే అది నిలుస్తుంది. క్యూపీసీఆర్ ఎలా చేయాలో, ఏం రాయాలో చెప్పే, 2009లో వచ్చిన ఎంఐక్యూఈ మార్గదర్శకాలు ఒకసారి చదివి, అందులో అడిగిన ప్రతిదానికీ తన నోట్‌బుక్‌లో జవాబుందో లేదో చూసుకోమనండి. సీటీ అంటే జీన్ మిషన్‌కి కనిపించడానికి పట్టిన సైకిళ్ల సంఖ్య, ఒక్క సీటీ తేడా అంటే రెండు రెట్ల తేడా, రిఫరెన్స్ జీన్ ఒక్క సీటీ జారినా మీరు చూసిన పెరుగుదలలో సగం అక్కడే పోతుంది లేదా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

జీన్స్ ఎంపికలో కూడా ఆమె మంట జీన్స్ దగ్గరే ఆగిపోయింది. ఐఎల్-10 పెడితే బ్రేకు వైపు కూడా కనిపిస్తుంది, సీ3, హెప్సిడిన్, ఐజీఎం పెడితే బ్యాక్టీరియాని ఎదుర్కొనే సరంజామా కనిపిస్తుంది, పిల్లల దశ అయితే ఎంఎక్స్ అనే జీన్ తప్పనిసరి, ఎందుకంటే మెదడునీ కళ్లనీ దెబ్బతీసి పండుగప్ప పిల్లల్ని ఊడ్చేసే వీఎన్ఎన్ వైరస్ మీద మొదట లేచేవాటిలో అదొకటి. గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ జీన్ కూడా కొలిస్తే మంచిది. హెడ్ కిడ్నీతో పాటు చర్మం, మొప్ప ముక్కలు తప్పకుండా తీయాలి, యుద్ధం జరిగింది అక్కడ. ఒక్కటి మర్చిపోవద్దు, ఎంఆర్ఎన్ఏ పెరిగినంత మాత్రాన ప్రోటీన్ తయారైనట్టు కాదు. జిగురులో లైసోజైమ్ పని, సీరమ్ బ్యాక్టీరియాని చంపే శక్తి, ఈ రెండూ తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్షలు, జీన్స్ పక్కన అవి ఉంటే ఆమె థీసిస్‌కి ప్రాణం వస్తుంది.

ఇప్పుడు మీ సంగతి. ఇంకా తేలుతున్నాయంటున్నారు కాబట్టి, చచ్చి గంటలైన చేపని ల్యాబ్‌కి పంపొద్దు, చచ్చిన చేపలో ఏ బ్యాక్టీరియా అయినా పెరుగుతుంది. ఒంటరిగా పైన ఈదుతూ, రంగు మాడి, చావుకి దగ్గరగా ఉన్నదాన్ని బతికుండగా తీసుకెళ్లండి. కిడ్నీ, స్ప్లీన్ నుంచి టీసీబీఎస్ ప్లేట్ (విబ్రియోల్ని పెంచి చూసేది) మీద వేయించండి, పుండు మీంచి తీస్తే సముద్రంలోవన్నీ వస్తాయి. రొయ్యల చెరువుల అలవాటుతో ఎల్లో కాలనీ, గ్రీన్ కాలనీ అని రంగు చూసి ఆగిపోవద్దు, విబ్రియో హార్వేయి రెండు రంగుల్లోనూ వస్తుంది, పేరు తేల్చమనండి, ఏ మందు పనిచేస్తుందో చెప్పే సెన్సిటివిటీ కూడా. మెదడూ కళ్లూ విడిగా దాచమనండి, వీఎన్ఎన్ లేదని తేల్చుకోవడానికి. అది తేలేవరకు మేతలో యాంటీబయోటిక్ కలపొద్దు, తినని చేపకి మందు వెళ్లదు, సముద్రంలోకి వెళ్తుంది. చచ్చినవాటిని రోజుకి రెండుసార్లు తీసేయండి, కేజ్‌ని మాత్రం కనీసం రెండు మూడు వారాలు ఎత్తొద్దు, ఎవరొచ్చి శాంపిలింగ్ అన్నా సరే.

ఈసారి గ్రేడింగ్‌కి ముందే వల శుభ్రంగా ఉండేలా చూసుకుంటే వెనకాలే వల మార్చే పని పడదు, లేదా రెండూ ఒకే ఎత్తులో, ఒకే పొద్దున అయిపోయేలా కూర్చుకోండి. ఒక రోజు పస్తు చాలు. ఒకేసారి మొత్తం కేజ్‌ని ఇరుకు చేయకుండా అడ్డు వలతో కొంచెం కొంచెంగా పక్కకి తీసుకుని చేయండి, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు ఆ ఇరుకులోనే దించి చూడండి, లీటరుకి 4 మిల్లీగ్రాములు దాటి కిందికి పోతుంటే తాడు వదిలేసి ఆగండి. ముడులున్న గరుకు చేతి వల పారేసి ముడులు లేనిది కొనండి, ఈ ఒక్క ఖర్చుకే చాలా పుళ్లు తగ్గుతాయి. చేతులు తడిపి పట్టుకోమనండి, తోక దగ్గర గట్టిగా నొక్కి పట్టుకోవద్దని మనుషులకి ముందే చెప్పండి. మేతలో విటమిన్ సీ, బీటా గ్లూకాన్ లాంటివి గ్రేడింగ్‌కి రెండు వారాల ముందు నుంచి ఇస్తే కొంత ఆసరా, ట్రిప్టోఫాన్ ఎక్కువున్న మేత కార్టిసాల్‌ని తగ్గిస్తుందని కొన్ని చేపల్లో చూశారు. కానీ ఇవేవీ నాలుగో రోజు వల ఎత్తడాన్ని పూడ్చలేవు. వ్యాక్సిన్ వేసే ఆలోచన ఎప్పుడైనా ఉంటే అది కూడా గ్రేడింగ్ వెనకాలే పెట్టకండి, యాంటీబాడీలు తయారుచేసే కణాలు అప్పుడే వెనకబడి ఉంటాయి.

మీ చెల్లికి సీజన్‌లో ఇంకో గ్రేడింగ్ దొరికితే ముందు రోజు, తర్వాత 1, 4, 24 గంటలు, 3, 7, 14 రోజులు, ఇలా తీయమనండి, చేపలు సరిపోకపోతే జీన్స్ తగ్గించుకోవచ్చు గానీ 7వ రోజుని వదులుకోవద్దు. ప్రతిసారీ ముట్టుకోని ఇంకో కేజ్ నుంచి కూడా అదే గంటకి తీయాలి, ఉప్పదనం, వేడి, డీవో రాసుకోవాలి. ఇప్పటికి ఉన్న రన్‌లో సీటీ విలువలన్నీ, బీటా యాక్టిన్‌వి విడిగా, ఏ చేపని ఏ వరసలో ఎన్ని నిమిషాలకి తీసిందో గుర్తున్నంతవరకు పక్కన రాసి పంపితే నేను కూర్చుని చూస్తాను. కంట్రోల్ చేపలు ఏ కేజ్‌వి, గ్రేడింగ్ పడవ వాటి పక్కనుంచి వెళ్లిందా అన్నది కూడా రాయమనండి.